గంటకోసారి చుక్కలు ఎవరు వేస్తారు?

ఆరోగ్య కరపత్రాలు రాసేవాళ్లకు ఒక అలవాటుంది, నాకూ ఉంది. డాక్టరు చెప్పిందంతా రాసేసి, అచ్చుకు పంపేముందు ఒక రోగికి చూపిస్తాం. "అర్థమైందా?" అంటే "అయిందండీ" అంటారు. పెద్దాసుపత్రిలో కాదని ఎవరంటారు?

అకాంతమీబా కెరటైటిస్ లాంటి అరుదైన జబ్బుకు ఈ పద్ధతి పనికిరాదు. నల్లగుడ్డులో పుండు చేసే ఈ అమీబా కుళాయి నీళ్లలో, చెరువుల్లో, మట్టిలో ఉంటుంది. గట్టి పెంకు కట్టుకుని దాక్కుంటుంది కాబట్టి వైద్యం నెలల తరబడి సాగుతుంది. మొదటి రోజుల్లో రాత్రీ పగలూ గంటకోసారి చుక్కలు వేయాలి. కాగితం మీద అది ఒక్క వాక్యం. రాత్రి ఎవరు లేపుతారు, రెండు రకాల చుక్కల మధ్య ఎంతసేపు ఆగాలి, ఇంత నొప్పి మామూలేనా, వెలుతురు చూడలేని మనిషి పనికి ఎప్పుడు వెళ్లగలడు అన్నవి రోగికి తెలిసిన ప్రశ్నలు. రాయకముందే అడిగితే అవి బయటికొస్తాయి.

బ్రిటన్‌లో కాంటాక్ట్ లెన్సుల పెట్టెల మీద 'నీళ్లు తగలనివ్వొద్దు' అనే గుర్తు ఉండాలని పట్టుబట్టింది ఈ జబ్బు అనుభవించినవాళ్లే. తడి చేతులతో లెన్సు పట్టుకోవడం ఎంత మామూలు అలవాటో వాళ్లకు తెలుసు.

అలాగని బ్రిటన్ కరపత్రాన్నే తెలుగులోకి దించుకుంటే మనకు సరిపోదు. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ డాక్టర్లు చూసిన ఈ రోగుల్లో ఎక్కువమంది అసలు లెన్సులు పెట్టుకునేవాళ్లు కాదు. కంటికి దెబ్బ తగలడం, మురికి నీళ్లు పడటం ఇక్కడ పెద్ద కారణాలు. కంట్లో వరిపొట్టు పడితే కాలవ నీళ్లతో కడుక్కునే రైతుకు, లెన్సులతో ఈత కొట్టొద్దన్న సలహా ఎందుకు? మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న చుక్కల సంగతీ ఇక్కడి కరపత్రంలో ఉండాలి. అందులో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, జబ్బు లోపల ముదురుతుంది. అలా చుక్కలు తెచ్చుకున్న ముచ్చట రోగులు తిట్టని మనిషి దగ్గరే చెబుతారు, డాక్టరు గదిలో చెప్పరు.

ఇంకొకటి. కళ్లు తెరవలేని రోగి కరపత్రం చదవడు. చదివేది చుక్కలు వేసే భార్యో, కొడుకో. కాబట్టి రాసేటప్పుడు వాళ్లనూ పిలవాలి, ఆ మాటలనే ఫోన్లో వినేలా రికార్డు చేయాలి. వచ్చినవాళ్లకు బస్సు ఛార్జీలు, ఆ రోజు కూలి ఇవ్వాలి. అచ్చు ఖర్చులో ఇదీ కలిపి లెక్కేయమని ప్రతిసారీ అడుగుతుంటాను.