ఒరయు కత్తియు: నకలు ఖడ్గములను గూర్చి ఒక విమర్శ

"ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు" అను సామెతను మన పెద్దలు సవతుల విషయముననో, ఒకే యింట పెత్తనము కోరు ఇరువురి విషయముననో వాడుదురు. ఆ మాటకు మూలమైన పనితనమును మాత్రము మనము మరచితిమి. ఒర యనునది సంచి కాదు. ఒక అలుగు పొడవును, వెడల్పును, మందమును, వంపును చూచుకొని, ఆ ఒక్క అలుగునకే తొలిచినది ఒర. వేరొక కత్తిని తెచ్చి దానిలో దూర్చినచో సగమున బిగిసిపోవును. లేదా వదులై గలగలమనును. రెండు కత్తులు ఒకేసారి ఇమడకపోవుటయే గాదు, ఒకదాని స్థానమున మరియొకటియు ఇమడదు.

ఈ సామెతను ముందుంచుకొని ఈనాటి ఒక వేడుకను పరిశీలింపదలచితిని. మన తెలుగు కుటుంబముల యువకులలో కొందరు మధ్యయుగపు ఖడ్గముల నకళ్లను కొని తెచ్చి, వాని పిడిని తమ యభిరుచికి తగినట్లు మార్చి, ఒరను స్వహస్తములతో చేసికొనుచున్నారు. కొందరు పెద్దలకు ఇది పిల్లచేష్టగా తోచును. మరికొందరు దీనినే వంశగౌరవమనుకొందురు. ఈ రెండభిప్రాయములును సరియైనవి కావని నా మనవి. ఇది ఒక చేతిపని. చేతిపనిని తూచు కొలతలతోనే దీనిని తూచవలెను.

మొదట అలుగు సంగతి. ఇట్టి నకళ్లు సీమనుండి వచ్చునని పలువురి యూహ. కాని ఐరోపా, అమెరికా దేశములలో అమ్ముడుపోవు నకలు ఖడ్గములు ఎన్నో మన దేశమందే డెహ్రాడూన్ నగరమున తయారగుచున్నవి. అచ్చటి విండ్లాస్ కర్మాగారము 1943లో స్థాపితమైనది. నకలు మంచిదా కాదా యని తెలియుటకు మెరుపును చూడరాదు, బరువును చూడవలెను. మధ్యయుగపు ఐరోపా యోధుడు ఒంటిచేత పట్టిన ఖడ్గము సామాన్యముగా ఒక కిలో మొదలు ఒకటిన్నర కిలో లోపల తూగెడిది. అలుగు పిడి యొద్ద మందముగా మొదలై మొనవైపు పలుచబడుచు పోవుటచే చేతికి తేలికగా నుండెడిది. గోడకు తగిలించుటకే చేసిన చవుక నకళ్లలో ఈ పలుచబడుట యుండదు. మొదలునుండి చివరకు ఒకే మందము. అలుగు నడుమ నిలువునా పోవు గాడి నెత్తురు కారుటకని చెప్పుట వట్టి మాట. బిగువు తగ్గకుండ బరువు తగ్గించుటకే ఆ గాడి.

అంగళ్లలో "డమాస్కస్ ఉక్కు" అను పేరును తరచుగా వినవచ్చును. ఈ పేరు తెలుగువారికి సంబంధించినది కావున దీనిని గూర్చి రెండు మాటలు చెప్పవలెను. పూర్వము పారశీక వర్తకులు మన తెలంగాణములోని కోనసముద్రమునకు వచ్చి, మూసలలో కరగించి చేసిన ఉక్కుముద్దలను కొనిపోయెడివారు. ఆ గ్రామము నేటి నిజామాబాదు జిల్లాలోనిది. అట్టి ఉక్కుతో సాగగొట్టిన అలుగులపై నీటి అలలవంటి చారలు సహజముగా తేలెడివి. నేడు అంగళ్లలో ఆ పేర అమ్మబడునది సాధారణముగా రెండు రకముల ఉక్కు రేకులను పొరలుగా అతికి సాగగొట్టినది. అది వేరు విద్య, దానికి దాని గౌరవము దానికున్నది. కొన్నింట అదియు లేదు. ద్రావకముతో పైపై గీసిన గీతలే! వెలయిచ్చి కొనువాడు ఈ మూటికిని గల భేదమును తెలిసికొనవలెను.

ఇక ఆకారము. ఆంగ్ల విద్వాంసుడు ఎవార్ట్ ఓక్‌షాట్ 1960లో ప్రకటించిన తన గ్రంథమున మధ్యయుగపు ఐరోపా ఖడ్గములను ఆకారమును బట్టి తరగతులుగా విభజించెను. నేటి నకళ్లు పెక్కు ఆ తరగతులకు సరిపోవు శిలువ పిడి ఖడ్గములే. అట్టిదానిని తెచ్చుకొనుట తప్పు గాదు. దానిని "విజయనగరపు కత్తి" అని చెప్పుట తప్పు. మన కత్తులెట్లుండెడివో తెలియగోరువారు దూరము పోనక్కరలేదు. తిరునెల్వేలి సమీపమున కృష్ణాపురము వేంకటాచలపతి కోవెలలో వీరభద్రుని శిలావిగ్రహము ఖడ్గధారియై నిలిచియున్నది. మదరాసు ఎగ్మూరు ప్రదర్శనశాలలో తంజావూరు కోటనుండి వచ్చిన ఆయుధములు కలవు. ఇట్టి ఆయుధములను గూర్చి రాబర్ట్ ఎల్గుడ్ 2004లో ప్రకటించిన గ్రంథము చిత్రములతో లభ్యమగుచున్నది. చూచి పోల్చుకొనుట కష్టము గాదు.

అయితే కొన్న అలుగునకు మన పిడి తగిలించుట అపచారమా? కాదు. పదునారు, పదునేడు శతాబ్దములలో దక్కను యోధులు పరదేశపు తిన్నని అలుగులను వెలకు కొని, వానికి మన దేశపు పిడులను తొడిగి వాడిరి. అట్టి కత్తికి "ఫిరంగి" యనియే పేరు. మన భాషలో ఆ మాట తుపాకిమందు గొట్టమునకు నిలిచిపోయినది గాని, ఉత్తరదేశమున అది కత్తి పేరును అయ్యెను. మన పిడులను లక్కవంటి పదార్థముతో అంటించెడివారు. వేడి చేసినచో అది మెత్తబడి పిడి ఊడివచ్చును, కొత్త అలుగును పెట్టవచ్చును. కావున తెచ్చిన అలుగును తనదిగా మలచుకొనుట మన పూర్వుల మార్గమే. వారు దాచలేదు, పరదేశపు అలుగని పేరులోనే చెప్పిరి.

పిడి మార్చువారు ఒక్క హద్దును పాటించిన చాలును. అంచుల కరుకుదనమును ఆకురాయితో పోగొట్టవచ్చును. అతి మెరుపును తగ్గించవచ్చును. చేతికి సరిపడునట్లు నారత్రాడు చుట్టి, పైన తడిపిన పలుచని తోలును కుట్టి, ఆరువరకు దారముతో బిగించి యుంచవచ్చును. ఆ చుట్ల గుర్తులు తోలుపై నిలిచి పట్టునకు అనుకూలించును. ఇవి యన్నియు మెరుగుపరచుట. వినెగారులో నానబెట్టి, తుప్పు పట్టించి, మూడువందల యేండ్ల వయస్సును మూడు దినములలో తెప్పించుట మెరుగుపరచుట గాదు. అది అబద్ధమును చేతితో చేయుట.

ఇప్పుడు అసలైన పని, ఒర. నకలు ఖడ్గముతో వచ్చు ఒర తరచుగా రేకుదో, ప్లాస్టిక్‌దో, వట్టి తోలుదో అయియుండును. తోలు ఊనుటకు వాడు చెట్టుబెరడులలోని ఆమ్లగుణము ఉక్కును తినును. తోలు తేమను పట్టియుంచును. అందుచే అలుగునకు తగులునది కొయ్యయై, తోలో పట్టుబట్టయో పైన నుండుట పలు దేశముల మర్యాద. జపానువారు మరియొక మెట్టు ముందుకు పోయిరి. కత్తిని నిలువ యుంచు వారి తెల్లకొయ్య ఒరను అన్నపు జిగురుతో అంటింతురు. లోపల శుభ్రపరచవలసినప్పుడు దానిని విడదీసి మరల అంటింపవచ్చును.

చేయు విధానము చెప్పుటకు సులభము, చేయుటకు ఓపిక వలయును. ఎండిన తేలిక కొయ్య పలకలు రెండు తీసికొని, అలుగును పరచి గీత గీయవలెను. ప్రతి పలకలోను అలుగు మందములో సగము లోతుగా ఉలితో తొలవవలెను. అలుగునకు దీపపు మసి కలిపిన నూనెను పలుచగా పూసి పలకల నడుమ నుంచి తీసినచో, ఎచ్చట ఒరయుచున్నదో అచ్చట నలుపు అంటును. ఆ నలుపును మాత్రమే చెక్కవలెను, మరల చూడవలెను. ఈ చూచుట పదిసార్లు కావచ్చును, ముప్పదిసార్లు కావచ్చును. తొందరపడి ఎక్కువ చెక్కినవాడు మరల కొయ్యను పెంచలేడు. పిదప మసిని తుడిచి, పలకలను వజ్జరముతో అంటించి, వెలుపల చిత్రికపట్టి, తడి తోలును కప్పి వెనుకవైపు కుట్టి, నోటికిని మొనకును ఇత్తడి తొడుగులు వేయవలెను.

అట్టి ఒరకు పరీక్షలు మూడు. తలక్రిందుగా పట్టినను కత్తి తనంత జారరాదు. కొంచెము లాగినంతనే రావలెను. కదిపినప్పుడు చప్పుడు కారాదు. ఈ మూడును నెరవేరినచో ఆ యువకుడు పనివాడైనాడని చెప్పవచ్చును. పైని నగిషీ ఎంత గొప్పదైనను ఈ మూటిలో ఒకటి తప్పినచో ఆ ఒర అలంకారమే. ఆయుధపూజ నాడు చందన కుంకుమములు పెట్టు మన యిండ్లలో ఇంకొక జాగ్రత్త యవసరము: ఆ తడితోనే కత్తిని ఒరలో పెట్టినచో లోలోపల తుప్పు పట్టును. పూజానంతరము తుడిచి, సన్నని నూనె రాచి, ఆ పిదప ఒరలో నుంచవలెను. వాదర పదును పెట్టకుండుట మంచిది. పదునైన కత్తి 1959 నాటి ఆయుధముల చట్టమున ఆయుధమే.

ఈ విషయమున ఇంత పట్టుదలగా వ్రాయుటకు కారణమున్నది. మనము విజయనగర ప్రాంతమునుండి దక్షిణమునకు వచ్చినవారమని చెప్పుకొందుము. ఇంట తెలుగు, వీథిలో అరవము పలుకుచు తరములు గడచినవి. అట్టివారికి పూర్వుల వస్తువుపై మక్కువ యుండుట సహజము. ఆ మక్కువయే మోసమునకు ద్వారము. నేడు గోడకు తగిలించిన నకలును తండ్రి "కొన్నది" అనును. కుమారుడు "పాతది" అనును. మనుమడు "మా వంశపుది" అనును. ఎవ్వరును కావలెనని అబద్ధమాడలేదు, కాని అబద్ధము స్థిరపడినది. దానివలన నష్టపోవునది ఎవరింటనో నిజముగా మిగిలియున్న పాత కత్తి. దాని మాటను కూడ ఎవరును నమ్మరు. 1972 నాటి చట్టము నూరేండ్లకు తక్కువ గాని కళావస్తువులను పురావస్తువులుగా పరిగణించుచున్నది. అట్టివానికిని, నిన్నటి నకలుకును భేదము చెరపివేయుట చరిత్రకు ద్రోహము.

కచేరీలో గుమాస్తాగా పనిచేసిన నాకు నకలు అనిన చులకన లేదు. "అసలుకు సరియైన నకలు" అని వ్రాసి, సంతకము చేసి, తేదీ వేసిన కాగితము న్యాయస్థానమున చెల్లును. ఆ మాట లేక అసలువలె నటించు కాగితము కూటపత్రము. రెండింటిలోను అక్షరములు అవియే. భేదమంతయు ఆ ఒక్క పంక్తిలో నున్నది.

మనకు పూజ్యుడైన కృష్ణదేవరాయలనే చూడుడు. మన పొరుగున శ్రీవిల్లిపుత్తూరున వెలసిన గోదాదేవి కథను ఆముక్తమాల్యదగా రచించిన ప్రభువు ఆయన. నేటి పటములలోను విగ్రహములలోను ఆయన చేతికి కత్తి నిచ్చుట పరిపాటియైనది. తిరుమల కోవెలలో దేవేరులతో నిలిచియున్న ఆయన లోహవిగ్రహమున చేతులు రెండును జోడింపబడియున్నవి. వీరత్వమునకు కత్తియే గుర్తు కానక్కరలేదని ఆ రాజునకు తెలియును.

కావున ఈ వేడుకను మాన్పింపవలదని పెద్దలకును, మరుగుపరుపవలదని పిన్నలకును మనవి. మీరు చేసిన ఒర నకలు గాదు. ఆ అలుగునకు అది యొక్కటే ఒర, మీ చేతి యసలు పని. పలకలను అంటించుటకు ముందు లోపలివైపు అలుగు తగులని చోట మీ పేరు, ఊరి పేరు, సంవత్సరము తెలుగు అక్షరములలో చెక్కుడు. అలుగు ఎచ్చట కొన్నదియు వ్రాయుడు. ఎప్పుడో మీ మనుమడు ఆ ఒరను విప్పినచో, తాత రాజు గాడనియు, మంచి పనివాడనియు తెలిసికొనును.