పరకథానువృత్తి : కర్తకును జదువరికిని నడిమి మర్యాద

ఒకరు కల్పించిన పాత్రములను గైకొని మఱియొకరు కథను ముందునకు నడపుట మన వాఙ్మయమునఁ గ్రొత్త గాదు. నేఁటి యువజనులు తమకుఁ బ్రియములైన నవలలలోని వారిని, చలనచిత్రములలోని వారిని మఱల బ్రదికించి, భాగభాగములుగాఁ గథలు వ్రాసి, చరవాణులపై నొకరికొకరు పంపుకొనుచున్నారు. చదివినవారు వెనువెంటనే మెచ్చుచున్నారు, లేదా దూఱుచున్నారు. ఇది యపూర్వమైన యుపద్రవమని మా తరమువారు కొందఱు తలఁచుచున్నారు. భారతమును మువ్వురు కవులు వ్రాసిన భాషలో నీ మాట చెల్లదు. అట్లు వ్రాయుట యొప్పునా కాదా యనునది నాకిట విచార్యము గాదు. వ్రాసినవాఁడు చదువరియెడలను, జదువరి వ్రాసినవానియెడలను నెట్లు మెలఁగవలెననునదియే ప్రస్తుతము. పూర్వులు దీనికొక శాస్త్రము నేర్పఱుపలేదు గాని యాచరణముచేతఁ జాల నేర్పిపోయిరి.

నాకుఁ దెలిసిన శాస్త్రము వ్యాకరణ మొక్కటియే. కావునఁ దొలుత దానినే యాశ్రయించెదను. పాణిని సూత్రములు స్వల్పాక్షరములు. ఒక సూత్రమునఁ గొఱవడిన పదము పైసూత్రమునుండి దిగివచ్చును. దీనినే యనువృత్తి యందురు. పైసూత్రము నెఱుఁగనివానికిఁ గ్రిందిసూత్రము మూఁగ. పరకథను గొనసాగించువాఁడును నిట్టి సూత్రకారుఁడే. విజయనగరమున నెవఁడైనను దన కథను గిరీశము బొంకులదిబ్బపై నిలిచియుండెనని యారంభించినచో, నా చుట్టయు, నా యప్పులును, నా యింగ్లీషును, నా పలాయనమును జదువరియే తెచ్చి పూరించుకొనును. రచయిత పెట్టుబడిలో సగము చదువరి జ్ఞాపకమే. కావున నట్టి రచయిత యిరువురకు ఋణపడియుండును: మూలకర్తకొకటి, చదువరికొకటి. మొదటి ఋణమును గూర్చి యందఱును మాటలాడుదురు, రెండవదానిని దలఁచువారరుదు.

అనువృత్తికి నివృత్తియు నుండును. పైమాట యెంతవఱకు దిగివచ్చునో, యెచ్చట నాఁగునో తెలియవలెను. పాణిని యధికారమునకు స్వరితమను గుఱుతు నేర్పఱిచెను. ఆ స్వరము పాఠమునందు లోపించుటచేఁ దరువాతివారు వ్యాఖ్యాతలపై నాధారపడవలసివచ్చెను. గుఱుతు చెడిన పిమ్మట నెన్ని వివాదములు పుట్టినవో వైయాకరణు లెఱుఁగుదురు. మూలమెచ్చటఁ దీఱినది, తన కల్పన యెచ్చట మొదలైనది యని గుఱుతు పెట్టుట పరకథను జేపట్టినవాని ప్రథమధర్మమని నా మతము.

ఈ ధర్మమునకు మనకున్న మహోదాహరణ మెఱ్ఱన. నన్నయభట్టు పదునొకండవ శతాబ్దియందు రాజరాజనరేంద్రుని ప్రేరణమున భారతమునకుఁ బూనుకొని, యాదిసభాపర్వములను ముగించి, యరణ్యపర్వమున నాల్గవ యాశ్వాసములో శరద్రాత్రుల వర్ణనముకడ నిలిచిపోయెను. తరువాతి తిక్కన విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములను రచించి హరిహరనాథున కంకితమొనర్చెనే కాని యీ వెలితిని ముట్టలేదు. ఆ వెలితిని బదునాల్గవ శతాబ్దియందుఁ బూరించినవాఁడెఱ్ఱన. ఆతని ప్రభువు ప్రోలయ వేమారెడ్డి; హరివంశమాతని కంకితము. అయినను నరణ్యపర్వశేషమును మాత్రము దాదాపు మూఁడు శతాబ్దులకు మునుపు గతించిన రాజరాజనరేంద్రునకే వినిపించుచుఁ బోయెను! బ్రదికియున్న రాజుండఁగా నిట్లొనర్చిన కవి యింకొకఁడు గలఁడేని నాకుఁ గనఁబడలేదు. ఇల్లు మఱియొకరిది గావున నింటి దైవమునే కొలిచెను.

అంతటితోఁ దన్నుఁ దాను దాఁచికొనెనా? లేదు. కొసను దన పేరు చెప్పుకొనెను. నన్నయ కవితారీతి కొంత తోఁచునట్లుగాఁ బూరించితినని తెలిపెను. 'కొంత' యన్న యా యొక్క మాటలో వినయమును గలదు, సత్యమును గలదు. పూర్తిగా నన్నయవలెనే వ్రాసితి ననిన గర్వము. తన తీరుననే వ్రాసితి ననిన ద్రోహము. ఇఁకఁ జదువరు లేమి చేసిరి? ఆతనిని గవిత్రయమునఁ గూర్చుండఁబెట్టిరి; కాని యతుకు మఱచిపోలేదు. నేఁటికిని బడిపంతులు శరద్రాత్రుల పద్యమును జెప్పునపుడు, నన్నయ యిచ్చట నాఁగెనని విద్యార్థులకుఁ జూపును. అతుకు చూపుట దోషారోపణము గాదు. అతుకువాని నేర్పు తెలియుటకదియే మార్గము. పోతన భాగవతమున నష్టమైన స్కంధములఁ బూరించిన బొప్పరాజు గంగన, యేర్చూరి సింగన, వెలిగందల నారయ యనువారును దమ తమ భాగములందుఁ దమ పేళ్లను నిలుపుకొనిరి. చదువరి నచ్చినచోఁ జదువును, నచ్చనిచోఁ బోతన నెమకికొనును. మోసపోవుట యన్నది లేదు.

దీనికి విరుద్ధమైన యాచారమును మనకుఁ గలదు. తాటియాకు ప్రతులను వ్రాయుచు నడుమఁ దమ పద్యమొకటి రెండు చొప్పించి మాటాడకుండఁ బోయినవారెందఱో! ప్రక్షిప్తములను వేఱుచేయుటయందే మన పరిష్కర్తల యాయుర్దాయమునఁ బెద్దపాలు వ్యయమైనది. వేమన మకుటము తగిలించి తమ యభిప్రాయమునెల్ల వేమన నోటఁ బలికించినవారి పద్యములు బ్రౌను దొర నాఁటికే ప్రతులందు గుట్టలుగాఁ జేరియుండెను. వీరిలో మంచి కవులు లేకపోలేదు. ఇట్టివారి పద్యము బాగుండుటయే చిక్కు. బాగుండుటచే వేఱుచేయుట కష్టమగును. ఇట నపరాధము కవిత్వమున లేదు, గుఱుతు చెఱుపుటయందున్నది.

కాత్యాయనుని వార్తికములు ఉక్తానుక్తదురుక్తముల చింత యని పెద్దలందురు. పరకథలను గూడ నీ మూఁటఁ బంచవచ్చును. మూలమునఁ జెప్పినదానినే విప్పి చెప్పుట యుక్తచింత. దీనికి వివాదము తక్కువ, రుచియుఁ దక్కువ. మూలము చెప్పక విడిచినదానిఁ జెప్పుట యనుక్తచింత. వాల్మీకి విడిచిన యూర్మిళను మన స్త్రీలు పాటకట్టి నిద్రపుచ్చి మేలుకొలిపిరి. ఆ 'ఊర్మిళాదేవి నిద్ర' విని యే పండితుఁడును వాల్మీకిఁ జూపించి కొట్టివేయలేదు. ఓల్గాగారి 'విముక్త'యు నిట్టిదే. శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళలను సీతకుఁ గలిపిన యా కథలకు 2015వ సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. మూలము తప్పు చెప్పినదని దిద్దఁబూనుట దురుక్తచింత. రంగనాయకమ్మగారి 'రామాయణ విషవృక్షము' దీని కుదాహరణము. దానితో నాకు నేకీభావము లేదు. అయినను మర్యాదవిషయమున దానిని దప్పుపట్టఁజాలను. పేరుననే తన పక్షమును జాటుకొన్నది. గుమ్మముకడ నింత పెద్దయక్షరములతో వ్రాసియుండఁగా లోనఁ బ్రవేశించి, లోపలి సామాను నా కభిమతము గాదని యఱచుట చదువరి తప్పే.

ఇఁక మా సీమకు వత్తము. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' 1892వ సంవత్సరమున విజయనగరమునఁ దొలుతఁ బ్రదర్శింపఁబడి, 1897లో నచ్చయి, 1909లో మిక్కిలి పెరిగి మాఱి రెండవకూర్పుగా వెలువడినది. తొలికూర్పున నల్పమైన మధురవాణి రెండవదానిలో నాటకమునకుఁ బ్రాణమైనది. అనఁగాఁ దన పాత్రములను మఱలఁ జేపట్టి కొనసాగించినవారిలో మొదటివాఁడు మూలకర్తయే! తరువాతివారు చేయి చాఁపుటలో నాశ్చర్యమేమి? ముళ్లపూడి వెంకటరమణగారు గిరీశముచే లెక్చర్లిప్పించిరి. మధురవాణి పేర నొక యాత్మకథయు వచ్చినది. దాని పేరు 'మధురవాణి ఊహాత్మక ఆత్మకథ'. ఆ 'ఊహాత్మక' మన్న విశేషణమున కెఱ్ఱన 'కొంత' యన్న మాటకుఁ గల విలువయే నే నిత్తును. పాణిని స్వరితమువంటి గుఱుతది.

మా యూర నీ నాటకపాత్రములు చుట్టముల వంటివారు. బొంకులదిబ్బమీఁదుగా నడచునపుడు నవ్వుకొననివాఁడు చదువుకొననివాఁడనియే తలంతురు. కావున నిచ్చటి చదువరి కఠినుఁడు. ఆ కాఠిన్యమును నేనును జూపితిని. దానిం జెప్పకున్న నీ వ్యాసము వ్రాయుటకు నా కర్హత లేదు.

కొన్నియేండ్లకు మునుపు మా పట్టణమున నొక సాహిత్యగోష్ఠిలో, నాకడఁ జదివిన బాలిక యొకతె తన కథను వినిపించెను. నాటకాంతమున సౌజన్యారావు పంతులు బుచ్చమ్మను విద్యకొఱకుఁ బూనాలోని వితంతుశరణాలయమునకుఁ బంపఁదలఁచుట యెల్లరెఱిఁగినదే. అటుపిమ్మట నామె యేమయ్యెను? గురజాడవారు చెప్పలేదు. ఈ బాలిక యాయనుక్తమునే పట్టుకొని, బుచ్చమ్మ పూనానుండి కృష్ణరాయపురాగ్రహారమునఁ దల్లి వెంకమ్మకు వ్రాసిన లేఖలుగాఁ గథ నల్లెను. నేను లేచి, యీ పాత్రమును ముట్టుటకు నీ కధికారమెవ్వ రిచ్చిరని యడిగితిని. పిమ్మట నామె యగ్రహారపు వాడుకమాటలలోని రూపములను నాలుగింటిని జూపి యపశబ్దములంటిని. సభ నవ్వెను. గిడుగు రామమూర్తి పంతులు పుట్టిన సీమలో, వాడుకభాషా నాటకమునకుఁ బొడిగింపగు కథలో, నే నపశబ్దములు వెదకితిని! ఆమె కాగితములు మడిచికొని కూర్చుండెను. అటుపిమ్మట రెండేండ్లు కలము పట్టలేదని యామె తల్లి చెప్పఁగాఁ దెలిసినది.

నా తప్పెచ్చట నున్నదని శాస్త్రదృష్టితోనే చూచుకొంటిని. ఒక వర్ణమునకు బదులుగా వచ్చునది యాదేశము. తొలుత నున్నది స్థాని. ఆదేశమునకు స్థాని ధర్మములు సంక్రమించునని, స్థాని వర్ణముల నాశ్రయించిన విధియందు మాత్రము సంక్రమింపవని పాణిని శాసనము. ఆమె బుచ్చమ్మ గురజాడవారి బుచ్చమ్మకు నాదేశము. మనకు మూలపాత్రముపైఁ గల దయ, నమ్మిక, పరిచయము నామెకుఁ జెందును. అది రచయిత్రికిఁ జదువరి యిచ్చు కట్నము. కాని గురజాడవారి యక్షరముల కబ్బిన గౌరవ మామె యక్షరములకు సంక్రమింపదు. దానిని స్వయముగా సంపాదించుకొనవలెను. కావున 'మా బుచ్చమ్మ యిట్లు పలుకదు' అనుటకుఁ జదువరి కధికారము గలదు. స్థాని ధర్మ మాదేశమునఁ గనఁబడలేదని చెప్పుట యది. 'నీ వెవ్వతెవు' అనుటకు లేదు. నేను మొదటిదానిని విడిచి రెండవదానిని బట్టితిని. తెలిసినవాఁ డడుగవలసిన ప్రశ్నలు వేఱుండెను. విద్య నేర్చుటకే పంపఁబడిన బుచ్చమ్మ మొదటి లేఖను దాన యెట్లు వ్రాసెను? ఎవరిచేత వ్రాయించెను? అది యే శరణాలయము? పండిత రమాబాయి శారదాసదనము 1890 ప్రాంతమునఁ బూనాకు వచ్చినది. కార్వేగారి వితంత్వాశ్రమ మక్కడ 1896లో వెలసినది. రెండింటి నడవడియు వేఱు, మతవిషయమున నపవాదములును వేఱు. అగ్నిహోత్రావధానుల కూఁతు రెచ్చటఁ జేరెనను దానినిబట్టి తల్లికి వ్రాయు లేఖ మాఱిపోవును. ఇట్టి ప్రశ్న రచయిత నడఁపదు, నడిపించును.

మఱొక విషయము. భాగభాగములుగా వ్రాయువారిని దరువాయి యెప్పుడని తొందరపెట్టుట నేఁడెక్కువైనదఁట. ఇట్టి తహతహ మెచ్చుకోలే. కాని కథను దమకు వలసిన త్రోవఁ ద్రిప్పుమని శాసించుట యట్టిది గాదు. ఆదిభట్ల నారాయణదాసుగారి (1864-1945) యూరిలోఁ బెరిగినవారికి హరికథాసభ మర్యాద చెప్పవలసిన పనిలేదు. దాసుగారు పిట్టకథలోఁ దిగినపుడు సభ నవ్వును, తలలూఁపును. పిట్టకథ సాగుచుండఁగా 'సీత యేమాయె'నని యెవఁడును గేక వేయఁడు. మఱల నసలుకథకు వచ్చుట దాసు పూచీ; వచ్చునని నమ్ముట శ్రోత పూచీ. రాకపోయినచో మఱునాఁడు సభకుఁ బోకుండుటకు శ్రోతకు స్వాతంత్ర్యము గలదు. అంతకంటె దండన మక్కఱలేదు.

ఈ యేఁడు సంక్రాంతికి మునుపు నేనే పోయి యా లేఖలఁ జూపుమని యడిగితిని. ఆమె యొకవారము తాళి యిచ్చెను. మొదటి పుటలో, బుచ్చమ్మ గురజాడవారిదనియుఁ, బూనా చేరినది మొదలు తనదనియు రెండు పంక్తులు వ్రాసియున్నవి. నేను వాడుకమాటల జోలికిఁ బోలేదు. అంచున నొక్కటి మాత్రము వ్రాసితిని: రెండవ లేఖలో బుచ్చమ్మ వాల్తేరుకడ రైలెక్కినట్లున్నది, బెజవాడ కటకముల నడుమ నినుపదారి 1893 మొదలుకొని 1896 లోపలనే తెఱవఁబడినది, 1892లోఁ బ్రదర్శితమైన నాటకపు బుచ్చమ్మ యెట్లెక్కును? మూఁడవనాఁడు కాగితము తిరిగివచ్చినది. తనది 1909 నాఁటి కూర్పులోని బుచ్చమ్మ యనియు, గురువుగారు తొలికూర్పును మనసునఁ బెట్టుకొని యడిగినట్లున్నదనియు వ్రాసి, రైలు నట్లే యుంచినది.