ఏడు పట్టీలు, మూడు కోతలు

ఫజ్ ఫేస్ పెడల్లో ఉన్నవి పదకొండే భాగాలు. రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టెన్సులు, మూడు కండెన్సర్లు, రెండు కంట్రోళ్లు. 1966లో లండన్‌లోని ఆర్బిటర్ కంపెనీ వీటిని గుండ్రటి లోహపు డబ్బాలో పెట్టి గిటారు వాయించేవాళ్ల కాళ్ల దగ్గరికి చేర్చింది. మైకు స్టాండు అడుగు పళ్లెం చూసి ఆ డబ్బాకి ఆ ఆకారం ఇచ్చారు. జిమీ హెండ్రిక్స్ దాన్ని తొక్కాక లోకమంతా దాని గొంతు విన్నది. నున్నగా లోపలికి వెళ్లిన తీగ స్వరం జీర పట్టి, నిండుగా పొంగి బయటికొస్తుంది. ఆ ధ్వనిని పొగిడినవాళ్లు చాలామంది ఉన్నారు. నా మనసు మాత్రం డబ్బా లోపలి బోర్డు దగ్గర ఆగిపోయింది. పాతకాలపు పెడల్‌ని ఇంట్లో తయారుచేసుకునేవాళ్లు రాగి పట్టీల బోర్డు మీద ఈ పదకొండు భాగాలకి కుదిర్చే అమరిక మంచి పద్యం చదివినంత సంతోషం ఇస్తుంది.

కొట్లో వెరో బోర్డు అని అడిగితే ఇస్తారు. అంగుళంలో పదో వంతు ఎడంతో వరసగా రంధ్రాలు, వెనకవైపు ఒకే దిక్కుకి సాగే రాగి పట్టీలు. ఒక పట్టీలో గుచ్చినవన్నీ కలిసిపోయినట్టే. విడదీయాలంటే డ్రిల్ బిట్‌ని చేత్తో తిప్పి అక్కడి రాగిని చెక్కేయాలి. దూరంగా ఉన్న రెండు పట్టీలను కలపాలంటే పైనుంచి తీగ ముక్క వేయాలి, దాన్నే జంపర్ అంటారు. 1960లలో లండన్‌లో తయారైన టోన్ బెండర్ పెడళ్లు కొన్ని ఈ రకం బోర్డు మీద కట్టినవే. అంటే ఇది పేదవాడి సర్దుబాటు కాదు, ఆ కాలపు పనితనంలో భాగమే.

తెనాలిలో పుట్టి పెరిగినవాళ్లకి ఈ బోర్డు చూస్తే తమ నేలే కనిపిస్తుంది. ఊళ్లోనే మూడు కాలువలు పారతాయి, వాటి నుంచి బోదెలు పక్కపక్కనే పొలాల్లోకి సాగుతాయి. బోదెకి అడ్డుకట్ట వేస్తే అటు నీరు వేరు, ఇటు నీరు వేరు. ఒక నీటిని మరో నీటి మీదుగా దాటించాలంటే, రేపల్లె దాటి పెనుమూడి వారధి మీదుగా అవతలికి వెళితే కనిపించే పులిగడ్డ అక్విడెక్టు లాంటిది కట్టాలి. వెరో బోర్డు మీద జంపర్ చేసేదీ ఆ పనే. అది తప్పేమీ కాదు. కానీ బోదెల వరస ముందే సరిగ్గా ఆలోచిస్తే చాలాసార్లు దాని అవసరం రాదు. అమరిక గీసేవాడి ప్రతిభంతా ఆ వరస తేల్చుకోవడంలోనే ఉంటుంది.

ఈ సర్క్యూట్లో కలిసే చోట్లు పది. అంటే పది పట్టీలు కావాలి. అయితే గళ్ల కాగితం మీద కాసేపు ఓపిగ్గా కూర్చుంటే ఏడు చాలని తెలుస్తుంది. పై నుంచి ఒకటో పట్టీ బ్యాటరీ నెగెటివ్. రెండోదాన్ని మధ్యలో కోస్తే ఎడమ సగం రెండు రెసిస్టెన్సులు కలిసే చోటు, కుడి సగం బయటికి వెళ్లే దారి. మూడోది రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్. నాలుగోది మొదటి ట్రాన్సిస్టర్ కలెక్టరూ, రెండోదాని బేసూ. అయిదోది మళ్లీ రెండు ముక్కలు: ఎడమన మొదటిదాని బేస్, కుడిన రెండోదాని ఎమిటర్. ఆరోది గ్రౌండు. జెర్మేనియం పీఎన్‌పీ ట్రాన్సిస్టర్లు కాబట్టి ఇక్కడ గ్రౌండంటే బ్యాటరీ పాజిటివ్. ఏడోది కూడా రెండు ముక్కలే: ఎడమన గిటారు నుంచి వచ్చే దారి, కుడిన ఫజ్ కంట్రోల్ నడిమి కాలు.

ఇప్పుడు ట్రాన్సిస్టర్లు గుచ్చి చూడండి. ఏసీ128 అనే జెర్మేనియం ట్రాన్సిస్టర్లో బేస్ కాలు నడుమ ఉంటుంది. మొదటిదాని కలెక్టర్, బేస్, ఎమిటర్ వరసగా నాలుగు, అయిదు, ఆరు పట్టీల్లో దిగుతాయి. రెండోదాని కాళ్లు అదే వరసలో మూడు, నాలుగు, అయిదు పట్టీల్లో దిగుతాయి. రెండూ ఒకే ముఖంగా నిలబడతాయి, దేన్నీ తిప్పక్కర్లేదు. రెండోది మొదటిదానికంటే ఒక్క మెట్టు పైన ఉంటుంది. ఆ ఒక్క మెట్టులోనే రహస్యమంతా ఉంది. ఏడు పట్టీల్లో సరిగ్గా నడిమిదైన నాలుగో పట్టీ మీద ఒకదాని కలెక్టరూ మరొకదాని బేసూ కలుసుకుంటాయి. తీగ లేదు, కండెన్సర్ లేదు, సర్క్యూట్ గీసిన కాగితంలో ఎంత సూటిగా కలిశాయో రాగి మీదా అంత సూటిగానే కలిశాయి.

ఇక వంద కె రెసిస్టెన్సు. రెండో ట్రాన్సిస్టర్ ఎమిటర్ నుంచి కొంత సిగ్నల్‌ని వెనక్కి తెచ్చి మొదటిదాని బేస్‌కి ఇవ్వడం దాని పని. ఈ పెడల్ స్వభావాన్ని చాలావరకు నిర్ణయించేది అదే. దాని రెండు కాళ్లూ వెళ్లాల్సింది అయిదో పట్టీ రెండు ముక్కల్లోకి. కాబట్టి అది కోత మీదే అడ్డంగా పడుకుంటుంది. మనం తెంపిన చోటే, తెంపిన రాగి మీదే, ఎంత కలవాలో అంతే కలిపే భాగం వచ్చి కూర్చుంటుంది. మొదటిసారి ఇది గళ్ల కాగితం మీద కుదిరినప్పుడు పెన్సిలు పక్కన పెట్టి చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను.

కాకతీయుల కాలపు విద్యానాథుడు ప్రతాపరుద్రీయంలో శయ్య గురించి చెప్పాడు. పదాల మధ్య ఉండే పరస్పర మైత్రి అది, ఒకటి తీసి ఇంకొకటి పెట్టడానికి వీలివ్వదు. ఈ అమరికలో నాకు దొరికింది ఆ గుణమే. నడిమి పట్టీల్లో ఏ రెండింటిని తారుమారు చేసినా ఒక జంపరో, అడ్డదిడ్డంగా వంగిన కాలో వచ్చి పడుతుంది. పాత జపాన్ టేప్ రికార్డర్లలో దొరికే 2ఎస్‌సీ1815 తెచ్చి పెడితే, బేస్ చివరికి పోయి, మైత్రి అక్కడే చెడుతుంది.

సిగ్నల్ నడక ఇంకా అందం. అది కింద ఎడమ మూలన ఏడో పట్టీలో అడుగుపెడుతుంది. 2.2 మైక్రోఫారడ్ కండెన్సర్ పట్టుకుని గ్రౌండు పట్టీని దాటి అయిదోదానికి ఎక్కుతుంది, అక్కణ్నుంచి నాలుగు, మూడు, రెండు. రెండో పట్టీ కోత మీదున్న 0.01 కండెన్సర్ దాటి కుడి పైమూలన బయటపడుతుంది. కాలువ నీరు పల్లానికి పోతే, ఇది మొదటి నుంచి చివరిదాకా పైకే ఎక్కుతుంది. లోపలికొచ్చే తీగా, బయటికెళ్లే తీగా బోర్డు మీద ఎంత దూరం ఉండగలవో దాదాపు అంత దూరంలో ఉన్నాయి. ఇంత గెయిన్ ఉన్న సర్క్యూట్లో ఆ రెండూ దగ్గరపడితే కీచుమనే ప్రమాదం ఉంది. 8.2కె, 470 ఓమ్స్ రెండూ కలిసే చోటు నుంచి బయటికి తీసుకోవడం వల్ల కలెక్టర్ దగ్గర ఊగే వోల్టేజీలో సుమారు 18వ వంతే వాల్యూమ్ కంట్రోల్‌కి చేరుతుంది. పెడల్ లోపల ఎంత ఉప్పెన ఉందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

బోర్డుని 13 రంధ్రాల వెడల్పున కోసుకోమని నా సలహా. అప్పుడు ఏడో రంధ్రం సరిగ్గా నడిమిది అవుతుంది. మూడు కోతలూ ఆ ఒక్క నిలువు గీత మీదే పడతాయి. నాలుగో రంధ్రంలో ఒక ట్రాన్సిస్టర్, పదోదాంట్లో ఇంకొకటి, నడుమ వంద కె. అందానికి తోడు ఇందులో ఒక మేలుంది. భాగాలు పైన, రాగి అడుగున. బోర్డు తిప్పేసరికి ఎడమ కుడైపోతుంది, చాలామందికి కోత తప్పుపడేది అక్కడే. నడిమి రంధ్రం మాత్రం ఎటు తిప్పినా నడిమిదే. బాపట్ల ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలకి లేఅవుట్ పాఠం దీంతో మొదలుపెడితే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది. మొత్తం బోర్డు సుమారు 33 మిల్లీమీటర్ల వెడల్పు, 18 మిల్లీమీటర్ల ఎత్తు. పై ఎడమన మూడు రెసిస్టెన్సులు గుమికూడితే, కింద కుడిన ఒక్క 22 మైక్రోఫారడ్ కండెన్సర్, పాజిటివ్ కాలు గ్రౌండు పట్టీలో పెట్టుకుని, ఆ బరువుకి సరితూగుతుంది.

ఏసీ128 పరాయి వస్తువనుకోనక్కర్లేదు. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1962 నుంచి జెర్మేనియం సరుకు తయారుచేసింది, బీఈఎల్ ముద్రతో ఏసీ128 వచ్చింది. ట్రాన్సిస్టర్ రేడియోల్లో స్పీకర్‌ని మోగించే చివరి జంటగా ఇవే ఉండేవి. విజయవాడ కేంద్రం నాటకాలూ, పద్యాలూ డెల్టా అరుగుల మీద ఇలాంటి రేడియోల్లోనే మోగాయి. పాడైపోయిన అలాంటి సెట్టు నుంచి తీసిన జంట ఇప్పుడు రేపల్లెలో ఒక కుర్రాడి గిటారుకి జీరనివ్వగలదంటే నాకు గర్వంగానే ఉంటుంది. జంటలో గెయిన్ 70, 80 ఉన్నది మొదటి స్థానంలో, 110, 120 ఉన్నది రెండో స్థానంలో పెట్టాలి. మీటరుతో కొలిచి ఎంచుకోవాలి, రెండూ ఒకేలా ఉండవు.

మన ఎండలు జెర్మేనియానికి పడవు. పది డిగ్రీలు పెరిగితే దాని లీకేజీ సుమారు రెట్టింపవుతుంది. రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర నాలుగున్నర వోల్టులుంటేనే ఆ నిండు గొంతు పలుకుతుంది. రోహిణి కార్తెలో అది జారిపోయి స్వరం నోట్లోనే నలిగిపోతుంది. సూర్యలంక వైపు ఉప్పుగాలి రాగిని నల్లబరుస్తుంది కాబట్టి సోల్డరింగ్ అయ్యాక పట్టీల మీద పల్చగా వార్నిష్ వేయాలి. ఎండకి మాత్రం 8.2కె చోట ఒక ప్రీసెట్, అంటే విలువ సర్దుకోగల రెసిస్టెన్సు, పెట్టడమే దారి. అది పెడితే పై ఎడమ గుంపు ఇంకాస్త ఇరుకవుతుంది, ఆ గుంపులోని 33కె రెసిస్టెన్సు ఒక రంధ్రం పక్కకి జరగాలి. అయినా ప్రీసెట్ రెండు, మూడు పట్టీల మధ్యే ఇముడుతుంది, జంపర్ అడగదు, నడిమి గీతని తాకదు. అందుకే దానికి చోటిస్తాను.