కౌలు – శిస్తు: బ్రిటిష్ ధాన్యశాసన పుస్తికలపై ఒక విమర్శ

పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున ఇంగ్లండు దేశమున రాజకీయార్థిక సంస్కరణములను గూర్చిన వాదము పెద్ద గ్రంథములలో కంటె చిన్న పుస్తికలలోనే ఎక్కువగా నడచినది. వీనిని ఆంగ్లేయులు పాంఫ్లెట్లందురు. కొలది పుటలతో, తొందరగా వ్రాయబడి, తొందరగా అచ్చుపడి, పార్లమెంటులో చట్టము చర్చకు వచ్చునంతలో చదువరుల చేతికందవలసిన రచనలివి. పని తీరగానే మరుగుపడుట వీని స్వభావము. అయినను వీనిలో కొన్ని తమ సందర్భమును దాటి, సముద్రమును గూడ దాటి, మన దేశపు పొలముగట్ల వరకు వచ్చినవి. అట్టివానిలో ముఖ్యములైన ధాన్యశాసన పుస్తికలను పరిశీలించి, వాని వాదబలమెంతయో, రచనాగుణమెట్టిదో, వాని దృష్టికి రానిదేదియో విచారించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

వివాదమునకు మూలము

నెపోలియనుతో యుద్ధము సాగిన దినములలో ఇంగ్లండునకు విదేశధాన్యము వచ్చుట కష్టమైనది. 1812లో గోధుమధర క్వార్టరునకు, అనగా ఎనిమిది బుషెళ్ళ కొలతకు, సగటున 126 షిల్లింగుల వరకు పెరిగెను. ధరతోబాటు కౌళ్ళును పెరిగినవి. బీడుభూములు గూడ సాగులోనికి వచ్చినవి. యుద్ధము ముగియుటతో 1815 నాటికి ధర 65 షిల్లింగుల ప్రాంతమునకు దిగినది. భూస్వాములతో నిండిన పార్లమెంటు ఆ యేడే ఒక శాసనము చేసెను. స్వదేశపు ధర 80 షిల్లింగులకు చేరువరకు విదేశపు గోధుమ అమ్మకమునకు రారాదని దాని సారాంశము. రొట్టె ప్రియమగునని లండను జనము వీథులలో అల్లరికి దిగగా, సభకు సైన్యము కాపలా కాయవలసి వచ్చెను.

ఆ శాసనము చర్చలోనుండగా, 1815 ఫిబ్రవరి అను ఒక్క నెలలోనే మాల్థసు, ఎడ్వర్డు వెస్టు, టారెన్సు, డేవిడ్ రికార్డో తమ తమ పుస్తికలను వెలువరించిరి. నేటికిని అర్థశాస్త్రమున పాఠముగా చెప్పబడుచున్న కౌలు సిద్ధాంతము ఇట్లు ఒక చట్టముపై వచ్చిన తగాదాలో, నాలుగు వారములలో రూపము దాల్చినది. శాస్త్రము ప్రశాంతమైన ఏకాంతముననే పుట్టునని తలచువారు ఈ సంగతిని గమనింపదగును.

మాల్థసు, రికార్డో

మాల్థసు 1814లో వ్రాసిన మొదటి పుస్తికలో ఉభయపక్షముల బలాబలములను త్రాసులో వేసి, తీర్పు చెప్పక విడిచెను. మరుసటి ఏడు మాత్రము నిర్బంధము కావలెనను పక్షమున నిలిచెను. పరదేశమును నమ్ముకొని అన్నము తినెడి జాతికి, ఆ దేశము ఎగుమతిని ఆపిననాడు దిక్కేమి యని అతని ప్రశ్న. ఫ్రాన్సు 1814లో ధాన్యపు టెగుమతిపై చేసిన కట్టడిని అతడు ఇందుకు నిదర్శనముగా చూపెను. మాల్థసు వాక్యము మెల్లగా నడచును. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క మినహాయింపు తగిలించును. చదువరికి విసుగు పుట్టవచ్చును; కాని ఎదుటివాని మాటలో కొంత నిజముండవచ్చునను మర్యాద ఆ నడకలో కలదు.

రికార్డో ధోరణి వేరు. అతడు లెక్క వేసి చూపును. మొదటితరపు నేలలో 200 క్వార్టర్ల గోధుమలు పెట్టుబడి పెట్టగా 300 క్వార్టర్లు పండినవనుకొందము. మిగులు 100, లాభము నూటికి 50. జనము పెరిగి రెండవతరపు నేల దున్నవలసి వచ్చినపుడు, అదే 300 క్వార్టర్ల పంటకు 210 వెచ్చింపవలెను. మిగులు 90, లాభము నూటికి 43. ఒకే దేశమున ఒకే వృత్తిలో రెండు లాభపురేట్లు నిలువజాలవు గనుక మొదటి నేలలోని లాభము గూడ 43కు దిగును. 200పై ఆ రేటున 86 క్వార్టర్లు సాగుదారునికి లాభముకాగా, తక్కిన 14 క్వార్టర్లు భూస్వామికి కౌలగును. భూస్వామి దున్నలేదు, విత్తలేదు. ప్రక్కనేల నిస్సారమగుటయే అతని సంపాదన. కాబట్టి చవుకగా విదేశధాన్యము రానిచ్చినచో నాసినేలలను దున్ననక్కరలేదు. కౌళ్ళు తగ్గును, లాభములు నిలుచును, దేశము వర్ధిల్లును. భూస్వామి క్షేమము తక్కిన వర్గములన్నిటి క్షేమమునకును విరుద్ధమని అతడు నిష్కర్షగా తేల్చెను.

ఈ వాదము కత్తివలె కోసినది. చిత్రమేమనగా, ఇది వ్రాసిన రికార్డో 1814లోనే గాట్కంబు పార్కు అను ఎస్టేటును కొని తానును భూస్వామి యయ్యెను. భూస్వాముల కొమ్ముకాచిన మాల్థసు జీతముపై బ్రతికిన ఆచార్యుడు. స్వలాభమును మించి ఆలోచింపగల నిజాయితీ ఆ ఇద్దరియందును కలదు. ఇంత తగవులోను వారి స్నేహము 1823లో రికార్డో మరణించు పర్యంతము చెడలేదు.

రికార్డో పక్షము అభివృద్ధి, మాల్థసు పక్షము వెనుకబాటు అని చెప్పుట వాడుకయైనది. ఈ తీర్పు పూర్తిగా సరికాదు. ఇంగ్లండునకై పండించు పరదేశపు రైతు తన సరకు అమ్ముడుపోకున్న తానే చెడును గనుక ఎగుమతి ఆగదని రికార్డో సమాధానము. అది వర్తకుని సమాధానము. యుద్ధమున, కాటకమున ప్రభుత్వములు వర్తకుల లెక్కలను పాటింపవు. మాల్థసు ప్రశ్న ఇప్పటికిని ప్రశ్నగానే నిలిచియున్నది. పోగా, రికార్డో పట్టికలో వాన లేదు, పశువు లేదు, అప్పు లేదు, ఇంటిల్లిపాది చాకిరి లేదు. ఇంగ్లండులో కూలివాండ్రను పెట్టి సాగుచేయు పెద్ద కౌలుదారుని మనసులో నుంచుకొని వ్రాసినది గనుక అక్కడ ఆ లోపము బయటపడలేదు.

ఎవరికొరకు వ్రాసిరి?

పై పుస్తికలు పార్లమెంటు సభ్యులకును, వర్తకులకును ఉద్దేశింపబడినవి. రొట్టె కొనువాడు వానిలో విషయమే కాని శ్రోత కాడు. ఆ శ్రోతను పిలిచినవాడు విలియం కాబెట్టు. వార్తాపత్రికపై 1815 నుండి నాలుగు పెన్నీల స్టాంపు సుంకముండుటచే అతని ‘పొలిటికల్ రిజిస్టరు’ వెల షిల్లింగునకు పైబడెను. 1816 నవంబరులో అతడు వార్తలను విడిచి, వ్యాసమును మాత్రము విడి కాగితముపై అచ్చువేసి రెండు పెన్నీలకు అమ్మెను. పనివారిని, కూలివారిని పేరుపెట్టి పిలిచి, మీ దారిద్ర్యమునకు మీ సోమరితనము కారణముకాదు, మోయలేని పన్నులు కారణము. పార్లమెంటును సంస్కరించుటయే మందు అని చెప్పెను. ప్రత్యర్థులు దానిని ‘రెండుపెన్నీల చెత్త’ యనిరి. అతడు ఆ తిట్టునే బిరుదుగా ధరించెను.

ప్రభుత్వము భయపడినది చౌకవెలకు. పెద్దవెల పుస్తకములో అనుమతింపబడిన మాటయే చిన్నవెల కాగితమున నేరమైనది. 1817లో నిర్బంధ శాసనములు రాగా కాబెట్టు అమెరికాకు పోయెను. 1819లో పీటర్లూ మైదానమున జనముపై గుఱ్ఱపుదళము పడిన యేడే, ఆరు పెన్నీల లోపు వెలగలిగి మాటిమాటికి వెలువడు రాజకీయ పుస్తికలపై గూడ స్టాంపు సుంకము విధింపబడెను.

భాషాబోధకులకు ఆసక్తికరమగు విషయమొకటి కలదు. అమెరికాలోనుండగా కాబెట్టు 1818లో ఒక ఇంగ్లీషు వ్యాకరణము ప్రకటించెను. అది పండితులకు కాదు. సిపాయిలకు, నావికులకు, పనినేర్చు కుఱ్ఱలకు, అరక దున్ను పిల్లవాండ్రకు. హక్కు కోరువానికి ముందు వాక్యము కూర్చుట తెలియవలెనని అతని నమ్మకము. కాబెట్టులో అతిశయోక్తి ఉన్నది, పక్షపాతమున్నది, తిట్టున్నది. అర్థశాస్త్రమున అతడు రికార్డోకు సాటిరాడు. అయినను పాఠకుని మనుష్యునిగా ఎదుట నిలిపి మాటాడుటలో అతనికి రికార్డో సాటిరాడు.

ఈ రెండుగుణములను కలుపజూచినవాడు పెరొనెట్ థాంప్సను. 1827లో వెలువడిన అతని ధాన్యశాసన ప్రశ్నోత్తరి, బడిపిల్లలు మతపాఠమును వల్లించు పద్ధతిలో, ప్రశ్న వెనుక ప్రశ్న వేసి, శాసన సమర్థకుల వాదముల నొక్కొక్కటిగా ఎత్తి, చిన్నచిన్న జవాబులతో పడగొట్టినది. తరువాత 1839లో మాంచెస్టరు కేంద్రముగా ఏర్పడిన ధాన్యశాసన నిరోధక సంఘము ఈ మార్గమునే పట్టెను. 1840లో వచ్చిన పెన్నీ తపాలా దానికి రెక్కలిచ్చెను. 1843లో ఒక్క ఏట ఆ సంఘము పంచిన పుస్తికలు 90 లక్షలకు పైమాటే. 1845లో ఐర్లండునందు ఉర్లగడ్డల పంట చెడి కరవు ఆరంభమగుటయు తోడుకాగా, 1846లో ప్రధాని పీలు ఆ శాసనములను రద్దుచేయించెను.

కాని ఈ జయమునకు సొంత ఇంటనే సంశయములుండెను. 1838లో ప్రజాపత్రమును ప్రకటించిన చార్టిస్టులలో పలువురు, మిల్లు యజమానులు చౌకరొట్టె కోరుట కూలి తగ్గించుటకే యనిరి. ఓటు లేనివానికి ఒకరు దయచేసిన చౌకదనము మరియొకరు హరింపవచ్చును గదా! చవుకధాన్యము కోరిన పుస్తికలలో ఈ మాటకు తృప్తికరమగు సమాధానము కానరాదు.

సముద్రము దాటిన సిద్ధాంతము

ఇక మనకు సంబంధించిన భాగము. మాల్థసు ఆచార్యత్వము చేసినది ఈస్టిండియా కంపెనీవారి హెయిలీబరీ కళాశాలలో. కంపెనీ కొలువునకై మన దేశమునకు రానున్న యువకులు అతనియొద్ద అర్థశాస్త్రము చదివిరి. రికార్డోను గ్రంథరచనకు పురికొల్పిన జేమ్సు మిల్లు 1819లో లండనునందలి కంపెనీ కార్యాలయమున ఉద్యోగియయ్యెను. 1831లో పార్లమెంటు సంఘము నెదుట సాక్ష్యమిచ్చుచు, భూమి కౌలు పన్నునకు మిక్కిలి తగిన వనరని అతడు వాదించెను. కౌలు ఎవరి శ్రమఫలమును కాదు. దానిని ప్రభుత్వము తీసికొన్నను సేద్యమునకు హానిలేదు. భారతదేశమున భూమికి ప్రభువే యజమాని. కావున కౌలంతయు ప్రభువునకే చెందును, అని అతని తర్కము.

ఇచ్చట మన భాష మనకు వెలుగుచూపును. తెలుగు రైతునకు కౌలు వేరు, శిస్తు వేరు. కౌలు ఒడంబడిక, ఇష్టములేనివాడు ఆ నేలను విడిచి మరియొకరి నేలను అడుగవచ్చును. శిస్తు సర్కారు ఆజ్ఞ. అడుగుటకు మరియొక సర్కారు లేదు. మిల్లు తర్కమున ఈ రెండును ఒక్కటైపోయినవి. ఇంగ్లండులో సోమరి భూస్వామిపై ఎత్తిన ఆయుధమే, భూస్వామి స్థానమున సర్కారు కూర్చున్న ఈ దేశమున, దున్నువానిపై దిగినది.

ఇది ఊహామాత్రము కాదు. హెయిలీబరీలో చదివిన ప్రింగిలు అను అధికారి 1820ల చివర పూనా ప్రాంతమున సర్వే జరిపి, ఒక్కొక్కతరపు నేలలో సేద్యపు ఖర్చు పోగా మిగులు నెంతయో లెక్కకట్టి, ఆ మిగులులో నూటికి 55 వంతులు శిస్తుగా నిర్ణయించెను. లెక్క రికార్డో పట్టికవలె నిర్దుష్టముగా కనబడెను. కాని పట్టికలో లేని వాన, పశువు, అప్పు, ఇంటిచాకిరి పొలములో నున్నవి. క్రిందియుద్యోగుల మోసము వానికి తోడయ్యెను. శిస్తు మోయలేక రైతులు భూములను వదలిపోయిరి. చివరకు గోల్డుస్మిడు, వింగేటు అను అధికారులు 1836 ప్రాంతమున ఇందాపురము తాలూకాతో ఆరంభించి, మిగులు సిద్ధాంతమును ప్రక్కకునెట్టి, నేల తరగతులను, వెనుకటి వసూళ్ళను చూచి, రేట్లు తగ్గించి, ముప్పది యేండ్లకు స్థిరపరచవలసి వచ్చెను. కౌలు సిద్ధాంతమును రికార్డోకు కొలది దినములు ముందుగా ప్రకటించిన వెస్టు, ఆ దశకముననే బొంబాయి సుప్రీముకోర్టు మొదటి ప్రధాన న్యాయమూర్తిగా నుండి, 1828లో ఈ దేశముననే మరణించెను. ఒక పుస్తికకును, ఒక పొలమునకును నడుమ దూరము మనమనుకొన్నంత పెద్దది కాదు.

జవాబు చెప్పినవారు మనవారిలోను కలరు. చెన్నపట్టణపు తెలుగువాడగు గాజుల లక్ష్మీనరసు చెట్టి 1852లో మద్రాసు స్వదేశసంఘమును స్థాపించి, శిస్తు భారమును, న్యాయస్థానముల లోపములను, విద్యాహీనతను వివరించు విన్నపమును పార్లమెంటునకు పంపించెను. శిస్తు వసూలులో జరుగు హింసలపై విచారణకై సంఘము నియమింపబడి, 1855లో ఆ హింసలు నిజమేయని నివేదించినది. ఇంగ్లీషు సంస్కర్తల ఆయుధమునే, అనగా అచ్చుకాగితమును, లక్ష్మీనరసు చేపట్టెను. అయితే ఆ విన్నపము ఇంగ్లీషున నుండక తప్పలేదు. శిస్తు నిర్ణయించిన సిద్ధాంతమును, శిస్తును ఎదిరించిన విన్నపమును గూడ దున్నువాడు చదువలేని భాషలోనే నడచినవి.

కావున ఈ పుస్తికలనుండి మనము గ్రహింపవలసినవి రెండు. వాదము ఎంత సూక్ష్మమైనను, దానిలో లెక్కకురాని మనుష్యుడెవడని అడిగినగాని దాని విలువ తేలదు. రెండవది, ఒక సంస్కరణము ఎవని బ్రతుకును మార్చునో వానికి దానిని వాని మాటలలో చెప్పనియెడల, కౌలునకును శిస్తునకును గల భేదమువంటి పెద్ద సత్యములు అనువాదములో జారిపోవును. పరరాష్ట్రములలో నివసించుచు, కచేరికాగితములను ఒక భాషలో, చదువును మరియొక భాషలో, ఇంటిమాటను తెలుగులో నడుపుకొనుచున్న మనకు ఈ రెండవ సంగతి విపులముగా చెప్పనక్కరలేదు. మన పిల్లలకు తెలుగు నేర్పుట పద్యము వల్లించుటకు మాత్రమే కాదు. తమ ముందుంచబడిన కాగితములో ఏ మాట ఏ మాట స్థానమున కూర్చున్నదో కనిపెట్టుటకు గూడనని పెద్దలు భావింతురు గాక.