దరువు ఎవరిది? కూలి ఎవరికి?

నల్లజాతి ప్రజల పోరాటం మనకు కొత్త కాదు. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ తమ పేరును అమెరికా బ్లాక్ పాంథర్స్ నుంచే తీసుకుంది. అలెక్స్ హేలీ 'రూట్స్'ని సహవాసి 'ఏడుతరాలు'గా తెలుగు చేస్తే మన వాడల్లో చేతులు మారి చదివారు. వాళ్ల చరిత్ర చదివాం, కవిత్వం చదివాం. కానీ వాళ్ల దరువు మాత్రం మన చర్చల్లోకి రాలేదు. ఎందుకు రాలేదు? అక్షరం జ్ఞానం, చప్పుడు అజ్ఞానం అన్న బ్రాహ్మణీయ కొలబద్దని మనం కూడా ఎంతోకొంత మోస్తున్నాం కాబట్టి. మొదటి తరంగా యూనివర్సిటీ గడప తొక్కిన మాలాంటి వాళ్లకి ఈ జబ్బు ఇంకా తొందరగా అంటుకుంటుంది. పుస్తకం చేతికి రాగానే డప్పుని ఇంటి దగ్గర వదిలేసి రావాలనిపిస్తుంది.

అందుకే ఇక్కడ ఒక రికార్డు గురించి మాట్లాడదలచుకున్నాం. దాని పేరు 'ఇన్ ద జంగిల్ గ్రూవ్'. జేమ్స్ బ్రౌన్, ఆయన బ్యాండు 1969 నుంచి 1971 దాకా చేసిన పాటల్ని కూర్చి పాలిడార్ కంపెనీ 1986లో విడుదల చేసింది. ఫంక్ అంటే ఏందో తెలుసుకోవాలంటే ఇంతకంటే మంచి దారి లేదు. ఫంక్ లోపలి అన్యాయం ఏందో తెలుసుకోవాలన్నా ఇదే దారి.

ముందు మాట సంగతి చూద్దాం. 'ఫంక్' అంటే నల్లజాతి వాడుకలో దుర్వాసన, చెమట కంపు. తెల్లవాళ్ల మర్యాద ముక్కు మూసుకునే వాసన. ఆ మాటనే వాళ్లు తమ సంగీతానికి పేరుగా పెట్టుకున్నారు. మాకు కంపు కొడుతుందా, అయితే ఆ కంపే మా కళ అన్నారు. ఇది మనకి అర్థం కానిదేమీ కాదు. తోలు వాసన పేరుతో మనల్ని ఊరి బయట పెట్టారు. 1994లో దండోరా మొదలైనప్పుడు, తిట్టుగా వాడిన కులం పేరునే మనుషులు తమ పేరు చివర తగిలించుకున్నారు. ఆ ఉద్యమం పేరులోనే డప్పు మోగుతుంది. అవమానించిన మాటనే జెండా చేసుకోవడం రెండు చోట్లా జరిగింది.

ఇక సంగీతం. మన పండితులు రాగాన్ని నెత్తిన పెట్టుకుంటారు, తాళాన్ని దాని వెనక నడవమంటారు. 1960ల్లో బ్రౌన్ బ్యాండు ఈ వరసని తిరగేసింది. 1965లో వచ్చిన 'పాపాస్ గాట్ ఎ బ్రాండ్ న్యూ బ్యాగ్'తో మొదలైన ఈ మార్పు 1967 నాటి 'కోల్డ్ స్వెట్'లో పూర్తిగా కనిపిస్తుంది. అప్పటిదాకా నల్లజాతి పాటల్లో నాలుగు దెబ్బల ఆవర్తంలో బరువు రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద పడేది. బ్రౌన్ మొదటి దెబ్బని పట్టుకున్నాడు. దాన్నే 'ద వన్' అన్నాడు. మొదటి దెబ్బ దగ్గర అందరూ కలవాలి, మధ్యలో ఎవరి దారి వాళ్లది. గిటార్ రాగం తీయదు, తీగల్ని అదిమిపట్టి గీకుతుంది. ట్రంపెట్లు, శాక్సఫోన్లు పొడిచి ఊరుకుంటాయి. బేస్ గిటార్ దరువుతో మాట కలుపుతుంది. నిమిషాల తరబడి స్వరాల కూర్పు మారదు. ఇదేం సంగీతం, అదే అదే కొడుతున్నారు అన్న విమర్శకులకి వినడం రాలేదు. ఇక్కడ ప్రతి వాయిద్యమూ డప్పే. మారేది స్వరం కాదు, దెబ్బకీ దెబ్బకీ మధ్య సందు.

'ఇన్ ద జంగిల్ గ్రూవ్'లో 'ఫంకీ డ్రమ్మర్' తొమ్మిది నిమిషాలు దాటుతుంది. 1969 నవంబర్‌లో సిన్సినాటిలో రికార్డు చేశారు. 1970లో సింగిల్‌గా వచ్చింది గానీ ఆల్బమ్‌లోకి ఎక్కడానికి 1986 దాకా ఆగాల్సి వచ్చింది. పాట సగం దాటాక బ్రౌన్ బ్యాండుని ఆపి డ్రమ్మర్‌ని ఒక్కడినే కొట్టమంటాడు. నీ గొప్ప చూపించొద్దు, ఇప్పుడు కొడుతున్నదే కొట్టు అంటాడు. ఎనిమిది ఆవర్తాలు. ఇరవై సెకన్ల పని. పెద్ద దెబ్బల మధ్య చెవికి అందీ అందని చిన్న దెబ్బలు వినపడతాయి. అవి లేకపోతే దరువు నడవదు. డప్పు మీద పెద్ద దెబ్బ పడే చేతికీ, చిటికెన పుల్ల పట్టిన చేతికీ ఉన్న సంబంధం తెలిసినవాళ్లకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ డ్రమ్మర్ క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్. 1943లో టెనెసీ రాష్ట్రంలోని చట్టనూగాలో పుట్టాడు. సంగీతం బడిలో నేర్వలేదు. చిన్నప్పుడు ఊళ్లోని ఫ్యాక్టరీల చప్పుడు, రైళ్ల చప్పుడు విని లయ పట్టుకున్నానని చెప్పేవాడు. శ్రమ చప్పుడులోంచి పుట్టిన కళ అది. పాట పేరు చూడండి, 'ఫంకీ డ్రమ్మర్'. పేరులో పని ఉంది, పనిచేసిన మనిషి పేరు లేదు. రచయితగా రాసుకున్న పేరు ఒక్కటే, జేమ్స్ బ్రౌన్.

1980ల్లో శాంప్లింగ్ మిషన్లు వచ్చాయి. పాత రికార్డులోంచి ఒక ముక్క కోసి, తిప్పి తిప్పి వాడుకుని కొత్త పాట చేయొచ్చు. క్లైడ్ ఇరవై సెకన్లు వెయ్యికి పైగా పాటల్లోకి వెళ్లాయి. 1989లో పబ్లిక్ ఎనిమీ చేసిన 'ఫైట్ ద పవర్' దాని మీదే నిలబడింది. ఐర్లండ్ గాయని షినేడ్ ఓ'కానర్ కూడా వాడుకుంది. వీటి రాయల్టీలో క్లైడ్‌కి హక్కంటూ దక్కింది ఏమీ లేదు. ఆయనకి అందింది ఆనాడు బ్యాండులో ఇచ్చిన కూలి. కేన్సర్ వచ్చినప్పుడు ఇన్సూరెన్స్ కూడా లేదు. ఆసుపత్రి ఖర్చుని గాయకుడు ప్రిన్స్ కట్టాడన్న విషయం 2016లో ప్రిన్స్ చనిపోయాకే బయటికొచ్చింది. 2017 ఫిబ్రవరిలో క్లైడ్ చనిపోయాడు. ఆ ఏడాదే విస్కాన్సిన్ యూనివర్సిటీ ఆయనకి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. బతికుండగా వాటా లేదు, చనిపోయాక పట్టా.

ఇది ఒక్కడి దురదృష్టం కాదు. 'ద విన్‌స్టన్స్' బ్యాండు 1969లో చేసిన 'ఆమెన్, బ్రదర్'లో గ్రెగరీ కోల్మన్ కొట్టిన ఏడు సెకన్ల లోపు దరువు ఇంగ్లండులో ఒక సంగీత ధోరణికే పునాది అయ్యింది. కోల్మన్ 2006లో తలదాచుకోను ఇల్లు లేక చనిపోయాడు.

చట్టం ఏం చేస్తోంది? చట్టం దృష్టిలో పాట అంటే రాగం, మాటలు. వాటిని రాసినవాడు రచయిత. రికార్డుకి యజమాని కంపెనీ. దరువు పుట్టించినవాడు పనివాడు. అంటే కాగితం మీదికి ఎక్కేది ఆస్తి, చేతిలోంచి వచ్చేది కూలి. ఈ విభజన మనకి తెలిసిందే. మృదంగానికి తోలు బిగించే దళితుల గురించి టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' రాసేదాకా కచేరీ లోకం వాళ్లని కళాకారులుగా చూడనే లేదు.

ఇక జేమ్స్ బ్రౌన్‌ని ఎట్లా అంచనా వేయాలి? 1933లో కటిక పేదరికంలో పుట్టి, పిల్లవాడిగా ఉండగానే జైలుకెళ్లి, తన పాటల మీద తన హక్కు నిలబెట్టుకున్న నల్లవాడు. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన 1968లోనే, నల్లగా ఉన్నందుకు గర్వపడుతున్నామని గట్టిగా చెప్పమని పిల్లల చేత పాడించాడు. ఆ పాట ఒక తరానికి ఆత్మగౌరవం ఇచ్చింది. దీన్ని తక్కువ చేయలేం. కానీ అదే బ్రౌన్ వాయిద్యంలో తప్పు జరిగితే, బూట్లు మెరవకపోతే బ్యాండు వాళ్లకి జరిమానా వేసేవాడు. 1970లో జీతాల తగాదాలో బ్యాండులో ఎక్కువమంది వెళ్లిపోతే, సిన్సినాటి నుంచి బూట్సీ కాలిన్స్ లాంటి కుర్రాళ్లని తెచ్చి ప్రోగ్రాం నడిపించాడు. 1972లో నిక్సన్‌కి మద్దతిచ్చాడు. ఆడవాళ్ల మీద చెయ్యి చేసుకున్న కేసులు ఆయన మీద ఉన్నాయి. ఆయన బృందంలోని లిన్ కాలిన్స్ 1972లో పాడిన 'థింక్'లోని దరువు 1988లో 'ఇట్ టేక్స్ టు'కి ప్రాణం పోసింది. గొంతు ఆమెది, రచయిత పేరు మళ్లీ బ్రౌన్‌దే.

బయటి ఆధిపత్యం మీద ఆత్మగౌరవం పాడినవాడే లోపల యజమాని అయ్యాడు. ఈ రెండూ నిజాలే. మొదటి నిజం చెప్పి రెండోది దాస్తే భజన అవుతుంది. రెండోదే చెప్పి మొదటిది దాస్తే తెల్లవాళ్ల విమర్శ అవుతుంది. వాటా అడిగితే ఐక్యత చెడుతుందని ప్రతి ఉద్యమంలోనూ అంటారు. ఐక్యతను చెడగొట్టింది వాటా అడిగినవాళ్లు కాదు, ఎగ్గొట్టినవాళ్లు.

అయితే ఒక తేడా మరిచిపోకూడదు. క్లైడ్‌కి డ్రమ్స్ కులవృత్తి కాదు. ఇష్టపడి పట్టుకున్నాడు, కావాలంటే వదిలేయగలడు. మన డప్పు పుట్టుకతో మెడకి తగిలించిన వెట్టి. ఊరి చావుకి కొట్టను అని డప్పు దించిన వాడలది కూడా ఆత్మగౌరవమే. కాబట్టి ఫంక్ పేరు చెప్పి డప్పుని వట్టి కళగా పొగడటం మాకు సమ్మతం కాదు. ఎవరి కోసం కొడుతున్నాం, ఏం హక్కుతో కొడుతున్నాం అన్నదే ప్రశ్న. వెట్టిగా కొట్టిన డప్పు వేరు, ఊరేగింపు ముందు మన కోసం మనం కొట్టిన డప్పు వేరు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. ఉద్యమ పాటల క్యాసెట్లు, సీడీలు మీ దగ్గరే ఉంటాయి. అట్ట తిప్పి చూడండి. రాసినవాళ్ల పేరు ఉంటుంది, పాడినవాళ్ల పేరు ఉంటుంది. డప్పు కొట్టినవాళ్ల పేరు ఎన్నిటి మీద ఉందో లెక్కపెట్టండి. పాట మీద పరిశోధన చేసే మాలాంటి వాళ్లం సాహిత్యాన్ని అక్షరం అక్షరం విప్పుతాం, దరువు దగ్గరికి వచ్చేసరికి ఒక వాక్యంతో దాటేస్తాం. ఏ ఊళ్లో ఏ దరువు, ఎవరు నేర్పారు, ఎవరు మార్చారు అన్నది వాళ్లు బతికుండగానే, వాళ్ల పేర్లతో, వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. కొత్తగా రికార్డు చేసే ప్రతి పాట మీద వాయించినవాళ్ల పేరు వేయాలి, వచ్చిన దాంట్లో వాళ్ల వాటా ముందే రాసుకోవాలి. ఇది ఏ కంపెనీనో అడగాల్సిన పని కాదు, మనమే చేయగలిగిన పని.

'ఇన్ ద జంగిల్ గ్రూవ్' వినండి. ఆ ఎనిమిది ఆవర్తాలు రాగానే క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ అని పేరు పెట్టి వినండి.