అమెరికా వీరచిత్రకథల ప్రాచీన ప్రతులు: సంగ్రహణ విమర్శ

అమెరికా సంయుక్తరాష్ట్రములలో నొకప్పుడు పది సెంట్ల వెలకు బాలురకు విక్రయింపఁబడిన చిత్రకథాపుస్తకములు, కామిక్కులని లోకమున వ్యవహరింపఁబడునవి, నేఁడు ధనవంతుల భద్రపేటికలఁ జేరియున్నవి. వీనిలో నతిమానుషబలముగల వీరుల కథలకే గిరాకి మిక్కుటము. ఈ సంగ్రహణమును గొందఱు పిల్లచేష్టయని తోసిపుచ్చుదురు. కొందఱు దీనిలో వర్తకమునే చూతురు. గ్రంథపరిష్కరణ మెఱిఁగినవారికి మాత్రము దీనియందుఁ జిరపరిచితమైన యొక ప్రశ్న కానవచ్చును. ప్రతిని రక్షించుటయుఁ బాఠమును రక్షించుటయు నొక్కటియేనా?

ఈ జాతి పుస్తకములకు మూలము ‘ఆక్షన్ కామిక్స్’ ప్రథమసంచిక. దానిపై ముద్రించిన కాలము 1938 జూన్. అంగడికి వచ్చినది యా సంవత్సరము ఏప్రిలులోనే. జెరీ సీగెల్ కథయు, జో షూస్టర్ చిత్రములును గూర్పఁగా సూపర్‌మాన్ అను వీరుఁ డందు జనించెను. సుమారు 2 లక్షల ప్రతులు ముద్రితములయ్యెననియు, నేఁడు మిగిలినవి నూఱింటికిఁ జేరువయనియు సంగ్రాహకుల యంచనా. ఆ కాగితము చౌకబారు కొయ్యగుజ్జుతోఁ జేసినది. దానిలోని యామ్లమే దానిఁ బసుపువన్నెకుఁ దెచ్చి పెళుసుఁజేయును. రెండవ ప్రపంచయుద్ధకాలమునఁ బాతకాగితములను బోగుచేయు నుద్యమములో లెక్కకు మిక్కిలి పుస్తకములు మరల గుజ్జైనవి. 1948లోఁ గొన్ని యూళ్ల పాఠశాలలయొద్ద వీనిని గుట్టగాఁ బోసి బాలురచేతనే కాల్పించిరి. తల్లు లిల్లు సర్దినప్పుడు నశించినవానికి లెక్కయే లేదు.

ఆ ప్రథమసంచికలోని కథ నడుమనుండి మొదలగుట గమనింపఁదగినది. వీరుఁడు బంధింపఁబడిన యొక స్త్రీని మోసికొని రాత్రివేళ గవర్నరు గృహమునకుఁ బరువెత్తుచుండును. నిరపరాధిని మరణశిక్షనుండి తప్పించుట యాతని యుద్దేశము. ఆ వార్త యాతని కెట్లు తెలిసెను అనుట కందు సమాధానము లేదు. 1939లో వెలువడిన ‘సూపర్‌మాన్’ ప్రథమసంచికయందు, మొదట విడువఁబడిన పుటలు చేర్పఁబడి, కారాగారముపైకి వచ్చిన మూఁకతోఁ గథ యారంభమగును. కావున నొకే కథకు సంక్షిప్తపాఠము, విస్తృతపాఠము నని రెండు గలవు. ముందుగా నచ్చైనదే మూలపాఠమని భ్రమించువారి కిది మంచి దృష్టాంతము. ఇట్టి పరిశీలన మూలప్రతులను విప్పి చూచినఁగాని పొసఁగదు.

సంగ్రహణముకూడ నా పుటలలోనుండియే పుట్టినదనుట చిత్రము. 1960 దశకారంభమున జూలియస్ ష్వార్ట్స్ అను సంపాదకుఁడు పాఠకుల లేఖలను వారి పూర్తి చిరునామాలతోఁ బ్రకటింప మొదలిడెను. దూరదూరముగా నున్న యభిమానులు దానిచే నొకరినొకరు తెలిసికొనిరి. 1961లో జెరీ బెయిల్స్ ‘ఆల్టర్ ఈగో’ యను పత్రికను స్థాపించెను. 1970లో రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ ధరల సూచికను వెలువరించెను. 1977లోఁ గొలరాడో రాష్ట్రమున ఎడ్గార్ చర్చ్ అను వర్తకచిత్రకారుఁ డేండ్లతరబడి కొని దొంతరలుగాఁ బేర్చిన వేలకొలఁది పుస్తకములు బయల్పడినవి. చల్లని, పొడి చీఁకటిలో నుండుటచే వాని రంగులు క్రొత్తగానే నిలిచినవి. పుస్తకపు దశనుబట్టి వెల కట్టు పద్ధతి కా నిధి గొప్ప ప్రోత్సాహ మిచ్చెను.

ఆ పద్ధతికిఁ బరాకాష్ఠ 2000లో నారంభమైన సర్టిఫైడ్ గ్యారంటీ కంపెనీ. అందలి పరీక్షకులు పుటలను లెక్కించి, కాగితపు వన్నెను జూచి, 0.5 మొదలు 10 వఱకు నొక యంకె నిచ్చి, పుస్తకమును బారదర్శకమగు ప్లాస్టిక్ పెట్టెలో ముద్రవేసి బంధింతురు. పెట్టె పగిలినచో నాయంకె చెల్లదు. దీనివలన మేలు లేకపోలేదు. 1974లో ‘ఆక్షన్ కామిక్స్’ ప్రథమసంచికకుఁ బెద్ద పరిమాణమునఁ బునర్ముద్రణము వెలువడఁగా, వంచకులు పై యట్టను దొలఁగించి దానినే మూలప్రతియని యమ్మిరి. అంచులు కత్తిరించి, అట్టకు రంగులద్ది, క్రొత్తదానివలెఁ జూపినవారును గలరు. అట్టి మోసములకుఁ బరీక్షకు లడ్డుకట్ట వేసిరి.

కాని యాయంకెలో రూపమునకే చోటు, పాఠమునకు లేదు. 8.5 అంకెగల ‘ఆక్షన్ కామిక్స్’ ప్రథమసంచిక 2024లో 60 లక్షల డాలర్లకు అమ్ముడుపోయెను. దానిని విప్పి చదువుటకు సాహసించు నధికారి యెవఁడు? ఆ వీరునిపై సర్వహక్కులను 1938లో సృష్టికర్త లిరువురును 130 డాలర్లకు విడిచిరి. ఆ సొమ్ము చేరియున్న చెక్కు కాగితమే 2012 వేలములో 1,60,000 డాలర్లు పలికినది. కాగితమునకుఁ గల గౌరవము వ్రాఁతకు లేకుండుటకు వేఱు సాక్ష్యమేల?

పునర్ముద్రణములు గలవు గదా, నష్టమేమి యని కొంద ఱడుగుదురు. 1989 నుండి వచ్చిన గట్టియట్టల సంపుటములలోఁ గథలు మాత్రమే గలవు. రంగులు మరల వేసినవి, ప్రకటనలు తీసివేయఁబడినవి. తరువాతికాలపు కథల పునర్ముద్రణములలో లేఖలు సైతము సామాన్యముగా లోపించును. 1960 మొదలు తపాలాశాఖ నియమము ననుసరించి ప్రకాశకులు తమ పత్రికల ప్రతుల సంఖ్యను సంవత్సరమున కొకమాఱు సంచికలలోనే ప్రకటించిరి. ఏ కథ నెందఱు చదివిరో చెప్పు నాధార మదియే. అదియు లోపలి పుటలయందే యున్నది. పెళుసైన పుటను బదిమంది త్రిప్పిన నది విఱుగుననుట నిజమే. తాళపత్రముల సంగతియు నట్టిదే. తెలుఁగునాటఁ బండితులు వానికి నిమ్మగడ్డి తైలము రాచి, శిథిలమగుచున్న వానికి మాఱుప్రతులు వ్రాయించిరే కాని, చదువరాని పెట్టెలలో ముద్రవేయలేదు. బెయిల్స్ సయితము పాతసంచికలను సూక్ష్మచిత్రములుగాఁ దీయించి పరిశోధకుల కందుబాటు చేసెను.

మిచిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయ గ్రంథాలయమున నిట్టి చిత్రకథాపుస్తకములు 3 లక్షలకు మించి యున్నవి. అచ్చటివారు పుస్తకముల పేళ్లతోఁ దృప్తిపడక లోపలి కథలకును సూచికను గూర్చిరి. పఠనమందిరమునఁ గోరినవారి కా పుస్తకములను విప్పి చదువుకొనుట కిత్తురు.