కొట్టం కింది ఇనుము

ధరణికోటలో పాత పశువుల కొట్టం విప్పి పునాది తవ్వితే మట్టితోపాటు నాలుగు తుప్పు ముద్దలు పైకి రావడం మామూలే. సాయంత్రానికి అవి పాత ఇనుప సామాన్ల బండి ఎక్కేస్తాయి. ఈ పక్కనే అమరావతి స్తూపం పలకల్ని సున్నం బట్టీల్లో కాల్చుకున్నాం. ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ మెకంజీ ఆ స్తూపాన్ని 1797లో చూసి వెళ్లి, బొమ్మలు గీయించడానికి 1816లో తిరిగొచ్చేలోపు ఎన్నో మాయమయ్యాయి. రాయి పోయిందని ఇవాళ బాధపడే మనమే ఇనుమును మాత్రం కిలోల లెక్కన తూచి ఇచ్చేస్తున్నాం.

తుప్పు ముద్ద చేతికొస్తే ముందు చూడాల్సింది అరుగుదల. జానెడు బద్ద, ఒక కొస మొండిగా ఉండి రెండో కొస సన్నగా అరిగిందంటే అది నాగలి కర్రు. అరిగినప్పుడల్లా కమ్మరి దాన్ని కొలిమిలో కాల్చి సాగగొట్టేవాడు. మరీ పొట్టిదైపోతే కొసకు కొత్త ముక్క అతికేవాడు. ఏటవాలుగా పోయే ఆ అతుకు గీత ఒక్కోసారి తుప్పులోనూ కనిపిస్తుంది. అలాంటి కర్రు పట్టుకుంటే ఒకప్పుడు ఇనుమంటే ఎంత అపురూపమో తెలుస్తుంది.

నెలవంకలా వంగిన పలుచని రేకు, దానికి వరసగా రంధ్రాలు ఉంటే ఎద్దు నాడా. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది కనుక కాలికి రెండు ముక్కలు కొడతారు. గుర్రానికైతే ఒకటే వంపు. ఒంటిగా దొరికితే ఏమిటో తోచదు, జతగా దొరికితే గిట్టే కళ్లముందు నిలుస్తుంది. తల ఉన్న పొట్టి కమ్మీ, ఒకవైపే ఒరుసుకుపోయి ఉంటే బండి చక్రం జారకుండా ఇరుసు కొసన దింపిన కడశీల.

ఆకారం తెలిశాక ఇనుము రకం చూడాలి. కొలిమి బొగ్గుతో తీసిన పాత ఇనుములో చిట్టెం పోగులుగా మిగిలిపోతుంది. అందుకే అది తుప్పు పడితే చెరుకు పిప్పిలా నారలు నారలుగా విచ్చుకుంటుంది. ఇప్పటి ఉక్కు అలా విచ్చుకోదు. అయితే 19వ శతాబ్దంలో ఇంగ్లండు నుంచి దిగిన ఇనుములోనూ ఈ నారలుండేవి. నారను చూసి వెంటనే శాతవాహనుల కాలమనకూడదు.

కాలం తేల్చేది దొరికిన చోటు, లోతు, పక్కనున్న పెంకులు. 1962-65 తవ్వకాల్లో ఇదే ఊళ్లో కృష్ణలోకి కలిసే పడవల కాలువ, దాని ఒడ్డున రేవు, రోమన్ జాడీల పెంకులు బయటపడ్డాయి. నిన్నటి కర్రూ రెండు వేల ఏళ్ల నాటి మేకూ ఒకే ఊరి మట్టిలో దొరకొచ్చు. అందుకే కదిలించకముందే ఫోటో తీసి, లోతు కొలిచి రాసుకోవాలి.

నీళ్లతో కడగొద్దు. ఉప్పుకాగితంతో రుద్దొద్దు. చింతపండు అసలే వద్దు. చెక్క పిడి ఎప్పుడో చివికిపోయినా దాని నారలు తుప్పులో అచ్చుపడి ఉండొచ్చు, ఒక్క రుద్దుతో అది పోతుంది. నీడన ఆరనిచ్చి, కాగితంలో చుట్టి, అమరావతి మ్యూజియంలో చూపించండి. వందేళ్లు దాటిన వస్తువును 1972 నాటి పురావస్తువుల చట్టం పురావస్తువుగానే చూస్తుంది.

వస్తువులే కాదు, మట్టినీ చూడాలి. కొట్టం మూలలోని మట్టి కాస్త ఎండబెట్టి, కాగితం చుట్టిన అయస్కాంతాన్ని దానిమీద తిప్పండి. ఏటి ఇసుకలోని నల్ల రేణువులూ అంటుకుంటాయి గానీ అవి గింజల్లా ఉంటాయి. చేప పొలుసుల్లాంటి సన్నని నల్ల రేకులు అంటుకున్నాయంటే అక్కడ ఒకప్పుడు కమ్మరి దాగలి ఉండేది. ఎర్రగా కాలిన ఇనుముమీద సమ్మెట పడ్డప్పుడు రాలిన పొలుసులవి.